మూడు లోపాలు చెప్పి అమ్మిన బండి

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద ఒక సంత ఊరు, కొండ మీద మూడు పల్లెలు.

సంత ఊరి పేరు మెట్టవలస. పల్లెల పేర్లు గుమ్మలోవ, పెదరాయి, మంచుమెట్ట. కింది నుంచి పైకి ఒకటే దారి. ఆ దారిలో సగం రాళ్ళు, సగం బురద. మధ్యలో దారిని అడ్డంగా కోసుకుంటూ ఒక గెడ్డ పారేది. గెడ్డ అంటే కొండవాగే.

ఆ పల్లెల్లో బంగారం ఉన్న ఇల్లు లేదు, ఆవు లేని ఇల్లు లేదు. ఆడవాళ్ళంతా కలిసి ఒక పాల సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘంలో పశువులకు టీకాలు వేసే మనిషి సన్యాసమ్మ. నలభై ఏళ్ళుంటాయి. మనిషి వెదురుబద్దలా సన్నగా ఉండేది. మాట మాత్రం సన్నం కాదు.

సంఘానికి ప్రెసిడెంటు మెట్టవలస మనిషి అచ్యుతం గారు. ఆయనకి ఒక్క ఆవు కూడా లేదు. కుర్చీ మాత్రం ఉంది.

కిందటేడు వానాకాలంలో పల్లపు ఊళ్ళలో గాలికుంటు రోగం పుట్టింది. సన్యాసమ్మ టీకా మందు ఐసు పెట్టెలో పెట్టుకుని, నెత్తిన ఎత్తుకుని, నడిచి కొండెక్కింది. మంచుమెట్ట చేరేసరికి ఐసు నీళ్ళయింది, మందు వేడెక్కింది. వేడెక్కిన మందు వెయ్యకూడదు. వెయ్యలేదు. ఆ నెలలో మంచుమెట్టలో పదకొండు పశువులు పోయాయి. గిట్టలు పుండ్లుపడి, నోట నురగ కారుతూ పోయాయి. ఒక దూడ ఆమె ఒళ్ళో తల పెట్టి పోయింది. ఆ రోజు నుంచి సన్యాసమ్మకి నడక మీద కోపం వచ్చింది.

"మోటారు సైకిలు కొనండి. నేను నడుపుతాను," అంది సంఘంలో.

పల్లెల ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. పాల డబ్బులో తలా కొంచెం తీసి ఇచ్చారు. ఆ డబ్బుకి కొత్త బండి రాదు. ఒకరు వాడిన బండే కొనాలి.

అచ్యుతం గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఆడమనిషివి, కిక్కు కొట్టే బండి నీకెందుకమ్మా? స్కూటీ తీసుకో," అన్నాడు.

"స్కూటీ కొండెక్కదండి."

"చీర కట్టుకుని ఎలా ఎక్కుతావు?"

"గోచీ బిగించి నాట్లేస్తాం కదండీ. అలాగే ఎక్కుతాను. పుట్టింట్లో మా అన్న బండి మీద నేర్చుకున్నాను."

ఆయన నవ్వాడు. "సరే, మా పాపారావు దగ్గరికి వెళ్ళు. నేను పంపానని చెప్పు. మంచి బండి చూపిస్తాడు. నువ్వేం చూడక్కర్లేదు, అన్నీ వాడే చూసుకుంటాడు."

"ఎక్కేది నేను. చూసుకునేది కూడా నేనేనండి," అని సన్యాసమ్మ కొండ దిగింది.

పాపారావు మెట్టవలసలో పాత బండ్ల వ్యాపారి. అతని దొడ్డి నిండా బండ్లు. ఒక్కటి కూడా పాతదానిలా కనిపించేది కాదు. వాటిలో ఒక ఎర్ర బండిని ముందుకు తోసుకొచ్చాడు. అద్దంలా మెరుస్తోంది.

"ఇదిగో అక్కా, ఒక మాస్టారు వాడిన బండి. ఆదివారం ఆదివారం బయటికి తీసేవాడు. ఒక్క లోపం కూడా లేదు," అంటూ కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకి బండి లేచింది.

సన్యాసమ్మకి బండ్ల సంగతి అంతగా తెలియదు. పశువుల సంగతి తెలుసు. సంతలో గేదెని అమ్మేవాడు రెండు పూటలు పాలు పిండకుండా ఆపి, పొదుగు నిండుగా చూపిస్తాడని తెలుసు. అందుకని బండి చుట్టూ తిరిగి, ఇంజను దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది. తనకోసం ముందే వేడి చేసి పెట్టాడు. తర్వాత వంగి చూసింది. రంగు రేకులకే కాదు, బోల్టుల తలలకి కూడా ఉంది. ముందు చక్రం పైన, మెడ దగ్గర, రంగు రెండు పొరలుంది.

"ఇక్కడ ఎందుకు ఇంత మందంగా రంగేశావు బాబూ?"

"అందానికి అక్కా."

"పుండు మీద పసుపు మందంగానే పూస్తారు," అని ఆమె లేచి వచ్చేసింది.

రెండో బండి సినిమా హాలు దగ్గర ఒక కుర్రాడిది. దానికి లేని అలంకారం లేదు. రంగు రంగుల దీపాలు, వంకీలు తిరిగిన హ్యాండిలు, డొల్ల సైలెన్సరు. బండి స్టార్టు చేస్తే వీధిలో కాకులన్నీ లేచిపోయాయి.

"ఈ దీపాలెందుకు?" అని అడిగింది.

"అందానికి."

"ఈ హ్యాండిలు?"

"అందానికే."

"ఈ చప్పుడు?"

అతను కాస్త ఆలోచించి, "అందరూ చూస్తారు," అన్నాడు.

"ఈ చప్పుడు వింటే చూడి ఆవు కట్టు తెంపుకుంటుంది నాయనా," అని అక్కడి నుంచి కూడా వచ్చేసింది.

మూడో బండి కరెంటు సబ్‌స్టేషన్ వెనక, తాటాకు పాకలో ఉంది. దాని యజమాని గవరయ్య. ముప్పై ఏళ్ళు కొండ పల్లెలకి కరెంటు లైన్లు చూసి రిటైరైన లైన్‌మన్. మోకాలు పోయి కర్ర పట్టుకుని నడిచేవాడు.

సన్యాసమ్మ వచ్చిన పని చెప్పింది. గవరయ్య బండి మీద కప్పిన పట్టా తియ్యలేదు. స్టూలు జరిపి, "ముందు కూర్చో తల్లీ. దీనికి మూడు లోపాలున్నాయి. అవి చెబుతాను. విన్నాక కూడా ఇష్టముంటే అప్పుడు పట్టా తీస్తాను," అన్నాడు.

సన్యాసమ్మ కూర్చుంది. అమ్మేవాడు ఇలా మొదలుపెట్టడం ఆమె ఎక్కడా చూడలేదు.

"మొదటిది, ఇది పరిగెత్తదు. కొండెక్కడానికని వెనకాల పెద్ద పళ్ళచక్రం వేయించాను. ఎత్తు మీద ఎద్దులా లాగుతుంది. చదును మీద యాభై దాటితే అరిచి గోల పెడుతుంది. తారు రోడ్డు మీద నిన్ను అందరూ దాటిపోతారు."

"ఊఁ."

"రెండోది, తడిసిందా, మొండికేస్తుంది. చోక్ లాగి, తాళం తిప్పకుండా రెండు ఉత్త కిక్కులు కొట్టాలి. తర్వాత తాళం తిప్పి మూడో కిక్కు. అప్పుడే లేస్తుంది. తొందరపడి పది కొట్టావంటే ఇంక ఆ పూటకి లేవదు."

"మూడోది?"

"మూడోది గట్టిగా గుర్తుపెట్టుకో. గెడ్డ దాటాక దీనికి బ్రేకు ఉండదు. నీళ్ళు లోపలికి పోతాయి. దాటగానే మెల్లగా నడుపుతూ, బ్రేకు వేళ్ళతో నొక్కీ నొక్కనట్టు పట్టుకుని వంద గజాలు పోవాలి. లోపల వేడి పుట్టి తడి ఆరుతుంది. అప్పుడు పట్టుకుంటుంది."

అప్పుడు పట్టా తీశాడు. బండికి పన్నెండేళ్ళు. నల్ల రంగు అక్కడక్కడా వెలిసింది. కానీ ఎక్కడా తుప్పు లేదు. సన్యాసమ్మ ఇంజను మీద చెయ్యి పెట్టింది. రాయిలా చల్లగా ఉంది. వంగి వెనక చక్రం చూసింది. గొలుసుకి నూనె ఉంది. పళ్ళచక్రం పళ్ళు కొస తేలకుండా, అరగకుండా, పాలపళ్ళు రాల్చి కొత్తపళ్ళు వేసిన కోడెదూడ పళ్ళలా ఉన్నాయి.

బండికి గవరయ్య చేయించినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగింది. ఇంజను కింద ఈ మందపాటి ఇనప రేకు ఎందుకు? పెదరాయి దగ్గర ఒకసారి రాయి తగిలి ఇంజను పగిలింది, ఆ రోజు పధ్నాలుగు మైళ్ళు తోసుకొచ్చాను, అందుకు. సైడు స్టాండు కాలికి ఈ పళ్ళెమంత పాదం ఎందుకు? బురదలో కాలు దిగబడి బండి నా మీద పడింది, అందుకు. ఈ పసుపు దీపం? మంచుమెట్ట మంచులో తెల్ల దీపం వేస్తే మంచే కనిపిస్తుంది, దారి కనిపించదు, అందుకు.

ఏదీ అందానికని అనలేదు.

పాక మూల నుంచి ఒక గోనెసంచీ కూడా లాక్కొచ్చాడు. బండితో కంపెనీ ఇచ్చిన పాత చక్రం, పాత స్టాండు, పాత దీపం అన్నీ నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. "నా మార్పులు నచ్చకపోతే ఇవి మళ్ళీ బిగించుకో. ఇంజను నంబరూ ఆర్‌సీలో నంబరూ పక్కపక్కన పెట్టి చూసుకో," అన్నాడు.

"ఇంత బాగా చూసుకున్న బండిని ఎందుకు అమ్ముతున్నావు బాబాయ్?"

గవరయ్య మోకాలు తడుముకున్నాడు. "కిక్కు కొట్టలేకపోతున్నాను తల్లీ. మూల పెడితే చచ్చిపోతుంది. కొండ తిరిగే మనిషికిస్తే బతుకుతుంది."

ధర చెప్పాడు. న్యాయమైన ధర. సన్యాసమ్మ బేరమాడలేదు.

బండి కొన్న సంగతి ఆమె కంటే ముందు కొండెక్కింది. సంఘం ఇంటి ముందు బండి ఆపేసరికి అచ్యుతం గారూ, పాపారావూ, ఇంకో పదిమందీ అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"అమ్మేవాడే మూడు లోపాలున్నాయని చెప్పాడట. విని కూడా కొనుక్కొచ్చిందట," అన్నాడు పాపారావు. అరుగంతా నవ్వింది.

"లోపం లేని బండి నీ దగ్గర ఉందిగా పాపారావూ," అన్నాడు అచ్యుతం గారు. మళ్ళీ నవ్వారు.

సన్యాసమ్మ బండి దిగింది. నవ్వు ఆగేదాకా నిలబడింది. తర్వాత అంది: "నేను మూడు ఊళ్ళ పశువులకి సూది వేస్తాను. చెప్పుకోలేని ప్రాణులు అవి. ఎక్కడ నొప్పో నోటితో చెప్పే ఆవు నాకు ఒక్కటి దొరికినా దాని కాళ్ళకి దండం పెడతాను. ఈ బండి తన నొప్పి చెప్పింది. అందుకే కొన్నాను. నవ్వండి. బండి వెనక్కి మాత్రం ఇవ్వను."

అచ్యుతం గారి ముఖం గట్టిపడింది. తన మాట కాదని కొన్న బండి అది. వారం తిరక్కుండా ఆయన పాపారావు ఎర్ర బండిని తన బావమరిది త్రినాథకి ఇప్పించాడు. త్రినాథ ముప్పై ఏళ్ళ మనిషి. సన్యాసమ్మతో పాటే టీకాలు వేసే శిక్షణ తీసుకున్నాడు.

"పల్లంలో మళ్ళీ గాలికుంటు పుట్టింది. సోమవారం టీకా మందు వస్తోంది. రెండు పెట్టెలు. ఒకటి త్రినాథ తెస్తాడు, ఒకటి నువ్వు తే. ఐసు కరగకుండా ముందు ఎవరు పైకి చేరితే వాళ్ళకే ఇక మీదట ఈ పని," అన్నాడు అచ్యుతం గారు. "ఓడితే బండి సంతలో అమ్మేస్తాం."

"పందెం మీ ఇష్టం. మందు చేర్చడం నా ఇష్టం," అంది సన్యాసమ్మ.

మాట అలా అంది కానీ, ఆ వారమంతా ఆమెకి భయంగానే ఉంది. రోజూ పొద్దున్నే గవరయ్య పాకకి వెళ్ళేది. అతను స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె కిక్కు కొట్టేది. బండిని గెడ్డలోకి దింపి, ఎక్కించి, వేళ్ళతో బ్రేకు ఆరబెట్టడం నేర్చుకుంది. ఒకసారి పడింది. మోకాలి కింద ఎముక మీద చర్మం లేచిపోయింది. గెడ్డ ఒడ్డున కూర్చుని నెత్తురు కడుక్కుంటుంటే అరుగు మీది నవ్వు చెవుల్లో వినిపించింది. వాళ్ళంతా పదిమంది, నేను ఒక్కదాన్ని, నేనే పొరబడ్డానా అనుకుంది. తర్వాత ఇంజను మీద చెయ్యి పెట్టినప్పటి ఆ చల్లదనం గుర్తుకొచ్చింది. ఎర్ర బండి వేడి గుర్తుకొచ్చింది. తన చెయ్యి అబద్ధం చెప్పలేదు కదా. లేచి, చీర పిండుకుని, బండిని మళ్ళీ గెడ్డలోకి దింపింది.

సోమవారం పొద్దున మెట్టవలస పశువుల ఆసుపత్రి దగ్గర డాక్టరమ్మ చెరో పెట్టె ఇచ్చింది. "పొద్దు నడినెత్తికొచ్చే లోపల పల్లెల్లో ఉండాలి. ఆ తర్వాత ఐసుకి నేను పూచీ కాదు," అంది.

సన్యాసమ్మ వెనక ఇనప క్యారియరు మీద పెట్టె కట్టుకుని బయలుదేరింది. ఊరి బయట తారు రోడ్డు చదునుగా ఉంది. త్రినాథ ఈలలా దూసుకుపోయాడు. ఆటో దాటిపోయింది. కూరగాయల వ్యాను దాటిపోయింది. ఆఖరికి ఎవరో మాస్టారు మోపెడ్ మీద దాటిపోతూ జాలిగా చూశాడు. టీ కొట్టు దగ్గర మనుషులు చేతులూపి నవ్వారు. సన్యాసమ్మ యాభై దాటించలేదు. దాని లోపం దానిదే అనుకుని, అది అరవనంత వేగంలోనే తీసుకుపోయింది.

కొండ మొదలైంది. వాన తుంపర మొదలైంది. గెడ్డలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఆమె మొదటి గేరులో మెల్లగా దాటింది. ఒడ్డెక్కగానే బ్రేకు రెండు వేళ్ళతో పట్టుకుంది. గెడ్డ తర్వాత దారి కొంత దూరం పల్లానికి దిగి, ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. అక్కడి నుంచే నిట్టనిలువు ఎత్తు. పల్లంలో నడక కంటే కాస్త వేగంగా దిగింది. మలుపు దగ్గరికొచ్చేసరికి బ్రేకు పట్టుకుంది. బండి ఆగింది.

మలుపు అవతల పొదల్లో ఎర్ర బండి పడి ఉంది.

త్రినాథ రాయి మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. ఎడమ మణికట్టు వాచింది. మందు పెట్టె మాత్రం పొదలో చిక్కుకుని, మూత ఊడకుండా ఉంది.

"బ్రేకు తొక్కితే లేదక్కా," అన్నాడు. "గెడ్డ దాకా బాగానే ఉంది. దాటాక లేదు. ఒక్క లోపం కూడా లేదన్నాడు కదా పాపారావు."

సన్యాసమ్మ ఎర్ర బండి దగ్గరికి వెళ్ళి చూసింది. మెడ దగ్గర రంగు పగిలి, కింద పాత అతుకు నోరు తెరిచి ఉంది. ఆ బండి ఇంతకు ముందే ఎక్కడో విరిగింది. విరిగినదాన్ని అతికి రంగేశారు. బ్రేకు తడిస్తే ఏ బండికైనా అంతే. ఆ మాట అతనికి చెప్పినవాళ్ళు లేరు. ఈ అతుకు మాట చెప్పినవాళ్ళు అసలే లేరు. మెడ అతుకు విడితే బండి మలుపు తిరగదు.

ఆమెకి కోపం వచ్చింది. త్రినాథ మీద కాదు.

"నన్ను వదిలెయ్యి అక్కా. నా పెట్టె కూడా నువ్వే పట్టుకెళ్ళు. పందెం నీదే," అన్నాడు.

"పందెం ఎవడికి కావాలి? నీ కుడి చెయ్యి బాగానే ఉందిగా. మూడు ఊళ్ళు, పొద్దు ఇంత ఎక్కింది, నా ఒక్కదాని చెయ్యి చాలదు. ఎక్కు," అంది. తన చీర అంచు చింపి అతని మణికట్టుకి కట్టింది. రెండో పెట్టె మొదటిదాని మీద కట్టింది.

బండి ఈ లోపల వానకి తడిసి చల్లబడింది. త్రినాథ దానివంక చూసి, "ఇది లేవదక్కా," అన్నాడు.

ఆమె చోక్ లాగింది. తాళం తిప్పకుండా ఒక కిక్కు కొట్టింది. రెండో కిక్కు కొట్టింది. ఊపిరి పీల్చుకుని తాళం తిప్పి మూడోది కొట్టింది. బండి ఒకసారి దగ్గి, లేచింది.

ఇక ఎత్తు. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు, కింద జారే రాళ్ళు. పెద్ద పళ్ళచక్రం తిరగడం మొదలుపెట్టింది. బండి పరిగెత్తలేదు. ఆగనూ లేదు. బరువు బండి లాగే ఎద్దు మెడ వంచి ఎలా పోతుందో అలా పోయింది. ఒకచోట రాయి లేచి అడుగున ఠంగుమని తగిలింది. ఇనప రేకు ఆ దెబ్బ తినేసింది.  గుమ్మలోవ కనిపించినప్పుడు త్రినాథ వెనక నుంచి, "అరుగు మీద నేను కూడా నవ్వానక్కా," అన్నాడు.

"తెలుసు," అంది సన్యాసమ్మ. "పెట్టె గట్టిగా పట్టుకో."

గుమ్మలోవలో ఆడవాళ్ళు పశువుల్ని వరసగా కట్టి ఉంచారు. అక్కడ ఇద్దరూ కలిసి వేశారు. పెదరాయిలో కలిసి వేశారు. మంచుమెట్ట చేరేసరికి పెట్టె అడుగున ఉసిరికాయంత ఐసు ముక్కలు ఇంకా మిగిలి ఉన్నాయి. సన్యాసమ్మ పెట్టెలో చెయ్యి పెట్టి ఆ చల్లదనం చూసింది. కాసేపు చెయ్యి తియ్యలేదు. కిందటేడు తన ఒళ్ళో పోయిన దూడ తల్లి అక్కడే ఉంది, మళ్ళీ చూడితో. మొదటి సూది దానికే వేసింది.

మూడో రోజు సంఘం కూడింది. మూడు పల్లెల నుంచీ ఆడవాళ్ళు వచ్చారు. పాపారావు కూడా వచ్చాడు. మీటింగుకి ముందు అచ్యుతం గారు సన్యాసమ్మని పక్కకి పిలిచాడు. గొంతులో తేనె పోసుకుని మాట్లాడాడు.

"చూడమ్మా, జరిగిందేదో జరిగింది. పని నీదే, బండీ నీదే. ఒక్క మాట చెప్పు చాలు. త్రినాథ తొందరపడి నడిపాడు, బండిలో లోపం లేదు అను. పాపారావు పరువు నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది. నీ బండి గురించి కూడా లోపాలూ గీపాలూ అనకు. సంఘం బండికి లోపాలంటే బాగుండదు. మేలైన బండి అను."

సన్యాసమ్మ ఆలోచించింది. ఒప్పుకుంటే పని ఖాయం. బండి ఖాయం. ఒక్క మాటే కదా. కానీ ఆ మాట అంటే ఆ ఎర్ర బండిని మళ్ళీ రంగేసి ఇంకొకరికి అమ్ముతారు. ఆ ఇంకొకరు ఏ మలుపులో పడతారో. పొదలో పెట్టె దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే ఒక ఊరి పశువులు పోయేవి.

"పని తీసేస్తారా? తియ్యండి," అంది. "మళ్ళీ నడుస్తాను. ఈ మాట మాత్రం అనను."

లోపలికి వెళ్ళి అందరి ముందూ నిలబడింది. చూసింది చూసినట్టు చెప్పింది. వేడి ఇంజను సంగతి, రెండు పొరల రంగు సంగతి, నోరు తెరిచిన అతుకు సంగతి. అచ్యుతం గారు బల్ల చరిచి, "చాల్లే కూర్చో," అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఇంకా ఉందండి. నా బండి లోపాలు కూడా చెప్పాలి. రేపు నాకు జ్వరమొస్తే ఇంకొకరు నడుపుతారు. వాళ్ళకి తెలియాలి," అని మూడూ వరసగా చెప్పింది. వెనక వరసలో ఒక మంచుమెట్ట అమ్మాయి పెదవులు కదుపుతూ బట్టీ పట్టుకుంది.

పాపారావు లేచాడు. "అంతా అబద్ధం. మెడ అతికిందెవరో నాకేం తెలుసు? త్రినాథకి నడపడం రాక పడేశాడు."

అప్పుడు త్రినాథ లేచాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, బావ ముఖం చూడకుండా, "నాకు నడపడం వచ్చు. దాచినదాన్ని నడపడం రాదు," అన్నాడు.

 గుమ్మలోవ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మెల్లగా లేచి, అచ్యుతం గారి కుర్చీ దగ్గరికి నడిచింది. సంఘం పెట్టిన రోజు మొదటి చెంబెడు పాలు పోసిన మనిషి ఆమె.

"బాబూ, ఇది పాలు పోసేవాళ్ళ సంఘం. నువ్వు కాస్త లే," అంది.

ఆయన చుట్టూ చూశాడు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. లేచాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన్ని వెనక్కి పిలిచినవాళ్ళు లేరు.

పాపారావు ఎర్ర బండి డబ్బు తిరిగి ఇవ్వాలని తీర్మానం చేశారు. ఇక మీదట ఎవరు ఏ బండి అమ్మవచ్చినా, ముందు దాని లోపాలు నోరు విప్పి చెబితేనే సంఘం బేరానికి కూర్చుంటుందని కూడా తీర్మానం చేశారు.

పాపారావుకి ఒళ్ళు మండింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "లోపాలు చెప్పుకుంటూ కూర్చుంటే ఎవరు కొంటారమ్మా?" అన్నాడు.

"మేం కొన్నాం," అంది సన్యాసమ్మ.

నెల తిరిగేసరికి గాలికుంటు కొండ అంచు దాకా వచ్చింది. ఆ మూడు పల్లెల్లో టీకా పడ్డ పశువు ఒక్కటి కూడా మూలన పడలేదు. చూడి ఆవు ఈనింది. సన్యాసమ్మ నల్ల బండి కొండ ఎక్కుతూనే ఉంది, దిగుతూనే ఉంది. చదును మీద దాన్ని ఇప్పటికీ అందరూ దాటిపోతూనే ఉన్నారు. ఆమె దాటిపోనిస్తూనే ఉంది.

కాబట్టి పిల్లలూ, ఊరంతా నవ్వినా సరే, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి పక్కనే నిలబడాలి. చెప్పిన లోపం దారి పొడవునా తోడొస్తుంది, దాచిన లోపం మలుపులో కాపుకాసి పడదోస్తుంది.